లోహం, కొయ్యతో శిల్పం నేర్చుకోవాలంటే: హైదరాబాద్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైన్ ఆర్ట్స్‌లో శిల్పం చదివి, ఇప్పుడు బాలానగర్ వైపు ఒక రేకుల షెడ్డులో ఇద్దరు మిత్రులతో కలిసి పని చేసుకుంటున్నాను. అడ్మిషన్ల రోజులు వస్తే చాలు, జూనియర్ల ఫోన్లు మొదలవుతాయి. ప్రశ్నలు అవే, నా జవాబులూ అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. కొన్నిచోట్ల నా చాదస్తం కూడా ఉంటుంది, భరించండి.

డ్రాయింగ్ అంతగా రాదు. శిల్పంలో చేరొచ్చా?

చేరొచ్చు. కాకపోతే ముందు ఎంట్రన్స్ దాటాలి, అందులో బొమ్మ గీయక తప్పదు. ఆ మేరకు మూడు నాలుగు నెలలు కూర్చుని సాధన చేయండి. చేరాక కావలసిన డ్రాయింగ్ వేరు. ఇంట్లో చెంబు ఒకటి తీసుకుని ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి గీయండి. మూడూ ఒకే చెంబు బొమ్మల్లా కనిపిస్తే మీకు సరిపడా డ్రాయింగ్ వచ్చినట్టే. షేడింగ్ అందంగా లేకపోయినా ఫర్వాలేదు.

హైదరాబాద్‌లో ఎక్కడ చదవాలి?

మాసాబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. 2008లో విడి యూనివర్సిటీ అయింది, అంతకు ముందు జేఎన్‌టీయూ కింద ఉండేది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్‌ఏ. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివారన్నది అడ్డం కాదు. పీజీకైతే గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, అందులో సరోజినీ నాయుడు స్కూల్. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ శిల్ప విభాగం ఉంది. ఫీజులు, సీట్ల సంగతి ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు.

ఏ కాలేజీకి వెళ్లినా ఒక పని చేయండి. ఆఫీసులో కూర్చోకుండా నేరుగా వర్క్‌షాప్ షెడ్డుకు వెళ్లండి. నేల మీద కొయ్య పొట్టు, ఇనుప రజను ఉంటే అక్కడ పని జరుగుతున్నట్టు. తళతళా మెరిసిపోతుంటే ఆలోచించుకోండి.

ముందు కొయ్య నేర్చుకోవాలా, లోహమా?

కొయ్యే. దీనిమీద మా షెడ్డులోనే గొడవ ఉంది, నా మిత్రుడొకడు ఒప్పుకోడు. అయినా నా మాట ఇదే.

కొయ్యలో తీసేసిన ముక్క తిరిగి రాదు. ముక్కు దగ్గర ఉలి ఒక్కసారి జారిందంటే ఆ ముఖానికి ఇక ముక్కు చిన్నదే, లేదా ముఖం మొత్తాన్ని వెనక్కి జరుపుకుంటూ పోవాలి. ఇనుములో అలా కాదు. తప్పు కోస్తే మళ్లీ అతికించొచ్చు, గ్రైండర్‌తో నున్నగా చేస్తే ఎవరికీ తెలియదు. అందుకే వెల్డింగ్‌తో మొదలుపెట్టిన వాళ్లకు "తర్వాత చూసుకుందాంలే" అనే అలవాటు పడుతుంది. ఆ అలవాటుతో కొయ్య దగ్గరికి వస్తే దుంగలు దుంగలు పాడవుతాయి. కొయ్యతో మొదలుపెట్టిన వాడు ఉలి పెట్టే ముందే ఆగి నాలుగు వైపులా తిరిగి చూస్తాడు. ఆ చూపు ఇనుములోనూ పనికొస్తుంది.

రెండింటికీ ముందు మట్టి ఉంది. జానెడు మట్టి బొమ్మ చేసుకోకుండా దుంగ మీద చేయి వేయకండి. రేకు పనికైతే అట్టముక్కలతో నమూనా చేసుకోండి. అట్ట ఎలా మడుస్తామో రేకూ దాదాపు అలాగే మడవాలి.

ఏ కర్రతో మొదలుపెట్టాలి? ఎక్కడ దొరుకుతుంది?

మొదటి బొమ్మకు వేప, గుమ్మడి టేకు మంచివి. టేకు అన్నిటికన్నా నమ్మకం: చెద తొందరగా పట్టదు, ఎండకూ వానకూ పెద్దగా మెలి తిరగదు. కానీ కొత్త టేకు కొనాలంటే స్టూడెంట్ జేబు చాలదు. తుమ్మ గట్టిది, మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు, ఉలి నోరే పోతుంది. మామిడి చవకే, కానీ పురుగు ఇట్టే పడుతుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చాలా తేలిక, మెత్తన. చిన్న బొమ్మలకు హాయిగా ఉంటుంది, ఎక్కువ దెబ్బలు మాత్రం తట్టుకోదు.

నా అసలు సలహా పాత దర్వాజాలు. పాత ఇళ్లు కూల్చిన చోట తలుపులు, దర్వాజాలు, దూలాలు అమ్మకానికి వస్తాయి. ముప్పై నలభై ఏళ్లు గోడలో ఉండి ఆరిన టేకు అది. అంతకన్నా ఆరిన కర్ర మీకు ఏ డిపోలోనూ దొరకదు. కొనే ముందు అయస్కాంతం ఒకటి దాని మీద పొడుగునా తిప్పండి. లోపల విరిగిన మేకు ఉంటే ఒక్క దెబ్బకు ఉలి అంచు పోతుంది. కొత్త కర్ర కావాలంటే బోయిగూడ వైపు కలప డిపోలు చూడండి. కోసేటప్పుడు పక్కన పడేసే ముక్కలు అడగండి, మొదటి ఏడాదికి అవి చాలు.

మే నెల గాలివానలకు మన రోడ్ల మీద నిద్రగన్నేరు కొమ్మలు విరిగి పడతాయి. చూడగానే ఆశ పుడుతుంది. పడిపోయిన చెట్టైనా సంబంధిత వాళ్లను అడిగి తీసుకోండి. ఇక నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, మీ సొంత పెరట్లో చెట్టయినా సరే. రక్తచందనం మాత్రం ఎవరు చవకగా ఇస్తామన్నా వద్దనండి. కాగితాలు లేని ముక్క మీ దగ్గర దొరికితే అది కళ అని చెప్పినా ఎవరూ వినరు.

నా బొమ్మ నిలువునా పగిలింది. నేనేం తప్పు చేశాను?

బహుశా ఏ తప్పూ చేయలేదు, తొందరపడ్డారంతే. నా మొదటి తలకాయ కూడా ఇలాగే పోయింది. పచ్చి మామిడి దుంగ, మూడు నెలల పని. ఏప్రిల్‌లో ఒక రాత్రి గదిలో "టప్" మని చప్పుడు. బల్బు పేలిందనుకుని లేచి లైటు వేశాను. బల్బు వెలిగింది. బొమ్మ నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా చీలిక. పొద్దున చూస్తే అందులో రూపాయి బిళ్ల పడుతుంది. వారానికి వేలు పట్టింది.

జరిగేది ఇది. కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. వలయాల వెంట ముడుచుకునేది, నడిమధ్య నుంచి బెరడు వైపు ముడుచుకునే దానికి సుమారు రెండింతలు ఉంటుంది. గుండ్రటి దుంగను మధ్య భాగంతో సహా అలాగే ఉంచితే ఆ లాగుడు తట్టుకోలేక ఎక్కడో ఒకచోట నోరు తెరుస్తుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలుసు. పై పొర గబగబా ఆరిపోతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అందుకని దుంగను నిలువునా రెండుగా కోయించి సగంతో పని చేయండి, మధ్య బొడ్డు భాగం వదిలేయండి. రెండు కొసలకూ వెంటనే మైనమో పెయింటో పూయండి, నీళ్లు ఎక్కువ పోయేది అక్కడినుంచే. కర్ర ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు చెప్పే లెక్క అటూ ఇటూగా నిజమే. పెద్ద తలకాయ అయితే వెనక నుంచి తొలిచి గుల్ల చేయండి. పని ఆపిన ప్రతి రాత్రీ తడి గోనె సంచి కాకుండా ప్లాస్టిక్ కవరు కప్పి మెల్లగా ఆరనివ్వండి, గోనెతో బూజు పడుతుంది. పగిలిన దాన్ని మాత్రం ఎండాకాలంలో ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి పూడ్చకండి. వానలకు కర్ర ఉబ్బినప్పుడు ఆ పూడికే పక్కన ఇంకో చీలిక తెస్తుంది. రెండు సీజన్లు ఆగి, అదే జాతి కర్రతో సన్నటి చీలముక్క దిగ్గొట్టండి.

ఆ మామిడి తలకాయ నా దగ్గర ఇంకా ఉంది. చీలిక పూడ్చలేదు. వచ్చిన వాళ్లంతా కావాలని అలా చేశాననుకుంటారు.

పనిముట్లు ఎన్ని కొనాలి?

తక్కువ. రెండు చదును ఉలులు, మూడు వంపు ఉలులు, ఒక కొయ్య సుత్తి, ఒక రంపం, ఒక ఆకురాయి, ఒక సానరాయి. ఆన్‌లైన్‌లో పన్నెండు ఉలుల సెట్టు చవకగా వస్తుంది, కొనకండి. ఆ ఇనుముకు పదును నిలవదు. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఒక్కొక్కటి విడిగా కొనండి. ఓపిక ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఉలులు ఏరుకోండి. పైన తుప్పుంటే ఏం కాదు, నోటి దగ్గర గుంటలు పడి ఉంటే వద్దు.

ఉలి కొనడం కన్నా నూరడం ముఖ్యం. అంచు వాలు 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంచి, సానరాయి మీద నూనె చుక్క వేసి, వాలు మొత్తం ఆనేలా నూరండి. వెనక వైపు సన్నటి మొన తేలాక దాన్ని తోలు మీద తుడిచేయాలి. పదును వచ్చిందో లేదో మెత్తటి కర్ర కొస మీద అడ్డంగా చూడండి: కోసిన చోట మెరుపు ఉంటే పదునున్నట్టు, పొడిపొడిగా రాలితే లేనట్టు. మొద్దు ఉలితోనే చేయి తెగేది, ఎందుకంటే బలం ఎక్కువ పెడతాం. పట్టే చేయి ఎప్పుడూ ఉలి నోటికి వెనకే ఉండాలి.

వెల్డింగ్ ఎక్కడ నేర్చుకోవాలి?

కాలేజీలో మిషను ఎలా ఆన్ చేయాలో చెప్తారు. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో వెల్డింగ్ నేర్పుతారు. రెండూ కావాలి.

నేను మా గల్లీ చివర గ్రిల్స్ షాపులో రెండు నెలలు సాయంత్రాలు కూర్చున్నాను. మొదటి పదిహేను రోజులు ఊడ్చడం, కోసిన పైపుల అంచులు గ్రైండ్ చేయడం. తర్వాత రాడ్డు చేతికిచ్చారు. గీస్తే అతుక్కుపోయేది, లాగితే ఆరిపోయేది. మేస్త్రీ కాసేపు చూసి, "తమ్మీ, చెయ్యి బిగవట్టకు. మంటను చూడకు, మంట ఎన్క ఎర్రగ కరుగుతున్నదా లేదా, గది సూడు" అన్నాడు. ఆ ఒక్క మాటతో దారిలో పడ్డాను. కళ్లద్దం వెనక నుంచి చూస్తే తెల్లటి వెలుగు, దాని వెనకాల చిన్న చెరువులాగా కరిగిన లోహం. మన పనంతా ఆ చెరువును ఒకే వెడల్పుతో ముందుకు నడిపించడం. పైన పట్టిన చిట్టాన్ని సుత్తితో కొడితే పెంకులా ఊడి, కింద చేప పొలుసుల్లా వరసలు కనిపిస్తాయి. అవి సమంగా ఉన్న రోజు నేను అందరికీ టీ తాగించాను.

మొదట 3 మిల్లీమీటర్ల కన్నా పలచటి రేకు ముట్టుకోకండి, చిల్లులు పడతాయి. 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య పెట్టి చూడండి. ఇంట్లో కరెంటు మీద నడిచే చిన్న ఇన్వర్టర్ మిషన్లు ఇప్పుడు చవకే. అయినా మొదటి ఏడాది కొనొద్దు, షాపులో చేయండి. పక్కన చూసి తిట్టే మనిషి ఉండాలి.

రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. ఏం చేయాలి?

అద్దం లేకుండా వెల్డింగ్ వెలుగును (ఆర్క్) చూశారు. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పై పొరను కాల్చేస్తాయి. బాధ అప్పుడే తెలియదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. షాపుల్లో బంగాళాదుంప ముక్కలు పెట్టుకోమంటారు, ఇంకేవేవో చుక్కలు వేయమంటారు. అవేవీ వద్దు. కళ్లు నలపకుండా, మూసిన రెప్పల మీద చల్లటి గుడ్డ వేసుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మాటిమాటికీ జరిగితే మంచిది కాదు. మామూలు పనికి 10 లేదా 11 నంబరు అద్దం వాడండి. మీరు వెల్డింగ్ చేయకుండా పక్కన నిలబడి చూసినా ఇదే జరుగుతుంది, చాలామందికి జరిగేది అలాగే.

ఇంకా దేనికి భయపడాలి?

గ్రైండర్‌కు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 సార్లు తిరుగుతుంది. గార్డు తీసేసి వాడే వాళ్లను చూసి మీరూ తీయకండి. వీల్ పగిలితే ముక్క ఏ వైపు వస్తుందో ఎవరికీ తెలియదు. బట్టలు కాటన్‌వే వేసుకోండి, పాలిస్టర్ మీద నిప్పు రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. చున్నీ, వదులు చేతులు, విరబోసిన జుట్టు వద్దు. డ్రిల్లింగ్ మిషను దగ్గర గ్లౌజులు కూడా వద్దు, తిరిగే బిట్టు గ్లౌజుతో సహా చేతిని లాగేస్తుంది.

జింకు పూత ఉన్న జీఐ పైపులను వెల్డ్ చేయకండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఫ్లూ అనుకుంటారు. తప్పదంటే అతికే చోట పూత గీకేసి, గాలి ఆడే చోట చేయండి. కొయ్య దుమ్ము మనవాళ్లు పట్టించుకోరు కానీ గట్టి కర్రల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు క్యాన్సర్ వస్తుందని తేలింది. మాస్క్ వేసుకోవడానికి ఇంకేం కారణం కావాలి?

పోత పోయడం స్టూడెంట్‌గా కుదురుతుందా?

చిన్నవి కుదురుతాయి, ఒంటరిగా మాత్రం కాదు. పద్ధతి పాతదే. మైనంతో బొమ్మ చేస్తారు, లోహం పోయడానికి దారి, గాలి పోవడానికి దారులు మైనం కడ్డీలతోనే పెడతారు, చుట్టూ మట్టి పొరలు వేసి ఆరబెడతారు. కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మైనం ఎంత తూగిందో దానికి తొమ్మిదింతల కంచు లెక్క వేసుకోండి, దారులకు వాడిన మైనం కూడా కలుపుకొని. కిలో మైనం బొమ్మ చేసి "చిన్నదేగా" అనుకున్న వాడు కంచు ధర విన్నాక అరచేతి బొమ్మకు దిగుతాడు. కంచు కరగడానికి సుమారు 1,000 డిగ్రీలు కావాలి. అల్యూమినియానికి 660 చాలు, అందుకే కాలేజీల్లో దానితో మొదలుపెడతారు. అచ్చు లోపల రవ్వంత తడి ఉన్నా నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని పైకి చిమ్ముతుంది. పోత రోజున అచ్చు ఆరిందా అని పదిసార్లు అడగండి, ఎవరైనా విసుక్కున్నా సరే.

దీన్ని దగ్గరగా చూడాలంటే ఆదిలాబాద్ డోక్రా చూడండి. అక్కడ ఈ పని చేసే ఓజులు అనే కళాకారులు మట్టి గుండు మీద సన్నటి మైనం పోగులు చుట్టి ఇత్తడి పోస్తారు. ఉషేగాం, కేస్లగూడ లాంటి ఊళ్లలో ఈ పని ఉంది, 2018లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పోగుల గీతలు ఇత్తడి మీద అలాగే కనిపిస్తాయి. రేకు పని ఇష్టమైతే వరంగల్ రోడ్డులో జనగామ దగ్గర పెంబర్తి. రేకు కింద మెత్తటి లక్క లాంటి దిమ్మ పెట్టి, సుత్తితో ఉబ్బెత్తు బొమ్మలు తేలుస్తారు. కొట్టేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది, మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తారు. ఆ కాల్చాల్సిన క్షణం సుత్తి చప్పుడు మారడాన్ని బట్టి తెలుస్తుంది. వీడియోలో అది వినపడదు.

కొయ్యనూ ఇనుమునూ కలపొచ్చా?

కలపొచ్చు, కానీ రెండూ ఒక మాట మీద ఉండవు. కొయ్య వానకు ఉబ్బుతుంది, ఇనుము ఎండకు సాగుతుంది. బిగించే రంధ్రాలు గుండ్రంగా కాకుండా కొంచెం పొడుగ్గా చేస్తే కొయ్య కదలడానికి చోటుంటుంది. వెల్డింగ్ అంతా ముగించి చల్లారాకే కొయ్య పెట్టండి. తుమ్మ, టేకు లాంటి వాటిలో తడి చేరితే ఇనుప మేకు చుట్టూ నల్లటి మరక దిగుతుంది, అది ఎంత గీకినా పోదు. అక్కడ ఇత్తడి మరలు వాడండి. ఆ నలుపు నచ్చితే కావాలనే ఇనుప మేకులు కొట్టండి, నేనూ కొట్టాను.

తుప్పు ఆపాలా, వద్దా?

మీ ఇష్టం. కావాలంటే ఉప్పు, వెనిగర్‌తో రెండు రోజుల్లో తుప్పు తెప్పించి, కడిగి, ఆరబెట్టి, వేడి మీద తేనెమైనం పూయండి. బయట పెట్టే పనికి అది చాలదు.

ఊళ్లో ఏమేం చూడాలి?

సాలార్‌జంగ్ మ్యూజియంలో వీల్డ్ రెబెక్కా దగ్గర గుంపు ఉంటుంది. అది పాలరాయి, మనకు తర్వాత. మీరు ముందు మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట బొమ్మ దగ్గరికి వెళ్లండి. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పని, ఒకే దుంగ. ముందు నుంచి పొగరుగా నిలబడ్డ మగవాడు, వెనక తల దించుకున్న అమ్మాయి. ఆమెను అద్దంలో చూస్తాం. అందరూ ఈ చమత్కారం చూసి వెళ్లిపోతారు. మీరు పక్కన నిలబడి, ఇద్దరూ కలిసే అంచు ఎక్కడుందో వెతకండి. అతని బట్ట ఎక్కడ ఆగి ఆమె బట్ట ఎక్కడ మొదలైందో చూస్తూ నేను ఒక మధ్యాహ్నమంతా గడిపాను.

లోహానికి పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియంలో కంచు బొమ్మల గది ఉంది. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లోపల ఉక్కు చట్రం, పైన కంచు తొడుగు. శిల్పి రామ్ సుతార్. ఇక వినాయక చవితికి రెండు నెలల ముందు ఖైరతాబాద్ వెళ్లండి. మట్టి ఎక్కక ముందు ఆ ఇనుప అస్థిపంజరం నిలబడి ఉంటుంది. బరువు ఎక్కడ పడుతుంది, చేయి ముందుకు చాచితే వెనక ఏ కడ్డీ పట్టుకుంటుంది, అన్నీ కనిపిస్తాయి. టికెట్ లేదు.

అమ్మాయిలు ఈ బరువు పని చేయగలరా?

అబ్బాయిలు కూడా బరువులు చేత్తో ఎత్తరు, చైన్ పుల్లీతో ఎత్తుతారు. శిల్పి మీరా ముఖర్జీ బస్తర్ వెళ్లి అక్కడి పోత పని నేర్చుకుని మనిషికి మించిన కంచు బొమ్మలు చేశారు. ఇంట్లో అభ్యంతరం చెప్తే ఇది చెప్పండి.

అద్దె ఇంట్లో చేసుకోవచ్చా?

కొయ్య పని డాబా మీద, పగటి పూట. వెల్డింగ్, గ్రైండింగ్ అస్సలు వద్దు.

చదివాక బతుకుతెరువు?

నేరుగా శిల్పాలు అమ్మి బతికే వాళ్లు కొద్దిమందే, మొదటి ఐదేళ్లలో ఎవరూ లేరనుకోండి. సినిమా సెట్ల పని, ఇంటీరియర్ వాళ్ల ఆర్డర్లు, ఊళ్లలో నాయకుల విగ్రహాలు, స్కూళ్లలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం, వీటితో గడుస్తుంది. విగ్రహాల పనిని చిన్నచూపు చూడకండి. ముఖం పోలిక తప్పితే ఊరంతా చెప్తుంది, అంత కఠినమైన పరీక్ష కాలేజీలో ఉండదు. వెల్డింగ్ బాగా వస్తే ఆకలితో ఉండరు, ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

వడ్రంగి, వెల్డింగ్ మేస్త్రీ చేసిన సాయానికి డబ్బులివ్వాలా? ఎగ్జిబిషన్‌లో పేరు వేయాలా?

ఇవ్వాలి. మీరు కూర్చున్న గంటలో ఆయన ఒక కిటికీ గ్రిల్ తక్కువ చేస్తాడు. వద్దంటే రాడ్ల ప్యాకెట్టు కొనిచ్చి రండి. బొమ్మలో అతుకులు ఆయనవైతే లేబుల్ మీద ఆయన పేరూ రాయండి. నా మొదటి షోకు మా మేస్త్రీని పిలిచాను. పని చేసిన చొక్కాతోనే వచ్చాడు, నిప్పు రవ్వల చిల్లులున్నది. ఒక్కో బొమ్మ వెనక్కి వెళ్లి వంగి చూశాడు, ముందు వైపు ఒక్కసారీ చూడలేదు. మూడో బొమ్మ దగ్గర ఆగి, "ఇక్కడ అతుకు సరిగ పడలే తమ్మీ, రేపు షాపుకు తీస్కరా" అన్నాడు.